తుప్పు కింద దాగిన ఊరు

ఇంగ్లండులో థేమ్స్ నది ఆక్స్‌ఫర్డు నగరాన్ని దాటి దక్షిణంగా సాగిపోతూ, సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న పట్టణాన్ని ఒరుసుకొని వెళుతుంది. ఆ పట్టణం పేరు అబింగ్డన్. ఏడవ శతాబ్దిలో వెలసిన ఒక క్రైస్తవ మఠం చుట్టూ పెరిగిన ఊరు అది. మఠం ఏనాడో శిథిలమైంది. కొద్దిపాటి కట్టడాలు మాత్రమే మిగిలాయి. ఊరి నడుమ, పూర్వం సంత జరిగే కూడలిలో, ఎత్తైన కమానుల మీద నిలిచిన రాతి భవనం ఒకటి ఇప్పటికీ చెక్కు చెదరకుండా ఉన్నది. 1678లో ప్రారంభించి, నాలుగైదేళ్ళలో పూర్తి చేసిన ఆ కౌంటీ హాలు, అబింగ్డన్ బర్క్‌షైర్ కౌంటీకి ముఖ్యపట్టణంగా వెలిగిన రోజులకు గుర్తు. ఆ హోదా పంతొమ్మిదవ శతాబ్దిలో రెడింగ్ పట్టణానికి పోయింది. 1974లో సరిహద్దులు మారినప్పుడు అబింగ్డన్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కలిసిపోయింది. రాచకుటుంబంలో పట్టాభిషేకమో పెళ్ళో జరిగిన రోజున ఊరి పెద్దలు ఈ భవనం పైకప్పు మీదికెక్కి, కింద గుమిగూడిన జనం మీదికి బన్నురొట్టెలు విసిరే ఆచారం మాత్రం నేటికీ నిలిచి ఉన్నది.

ఇప్పుడు ఆ భవనం ఒక మ్యూజియం. పాత నాణేలు, పటాలు, వెండి పాత్రలు ఉండదగిన ఆ రాతి గోడల మధ్య, నేల నుంచి ఎంతో ఎత్తున, ఒక మోటారు కారు నిలబడి ఉన్నది. కిటికీలోంచి క్రేనుతో లోపలికి చేర్చిన ఆ కారు ఎం.జి.బి. ఈ ఊళ్ళోనే తయారైనది. ఒక పట్టణం తన చరిత్రను దాచుకునే చోట కారును నిలబెట్టిందంటే, ఆ కారు ఆ ఊరికి ఏమవుతుందో ఊహించవచ్చు.

చేతులతో తోసిన కార్లు

ఎం.జి. అన్న రెండక్షరాలు మోరిస్ గ్యారేజెస్ అన్న పేరుకు సంక్షిప్త రూపం. ఆక్స్‌ఫర్డులో సైకిళ్ళ మరమ్మతుతో జీవితం ప్రారంభించి, తరువాత లార్డ్ నఫీల్డ్ అయిన విలియమ్ మోరిస్ అనే పారిశ్రామికవేత్తకు చెందిన అమ్మకాల దుకాణం అది. 1922లో ఆ దుకాణానికి మేనేజరు అయిన సెసిల్ కింబర్‌కు ఒక ఆలోచన తట్టింది. మోరిస్ సంస్థ తయారుచేసే మామూలు కుటుంబపు కార్ల భాగాలనే తీసుకొని, వాటికి తేలికైన, సొగసైన ఒళ్ళు తొడిగి, కాస్త చురుకుదనం కల్పిస్తే, కొద్ది జీతాల యువకులు కూడా స్పోర్ట్స్ కారు కొనుక్కోగలరని ఆయన భావించాడు. ఆ భావన ఫలించింది. ఉన్న చోటు చాలక 1929లో ఆయన తన కర్మాగారాన్ని అబింగ్డన్‌కు తరలించాడు. పవ్లోవా అనే తోళ్ళ కంపెనీ వాడకుండా వదిలిన షెడ్లే ఎం.జి.కి ఇల్లయినాయి. కింబర్ అదృష్టం మాత్రం చివరిదాకా నిలవలేదు. 1941లో యాజమాన్యం ఆయనను తొలగించింది. 1945 ఫిబ్రవరిలో లండన్ కింగ్స్‌క్రాస్ స్టేషను వద్ద జరిగిన రైలు ప్రమాదంలో ఆయన మరణించాడు.

అబింగ్డన్ కర్మాగారానికి ఒక విశేషం ఉన్నది. అక్కడ కారుకు కావలసిన వస్తువులేవీ పోతపోయలేదు, రేకులు అచ్చువేయలేదు. ఇంజన్లు వేరే ఊళ్ళ నుంచి వచ్చేవి, ఎం.జి.బి. ఒళ్ళు స్విండన్ పట్టణంలోని ప్రెస్సుల కర్మాగారం నుంచి లారీల మీద దిగేది. వీటన్నిటినీ కూర్చడమే అబింగ్డన్ పని. పెద్ద కార్ల కర్మాగారాలలో కనిపించే, తనంతట తాను కదిలే యంత్రపు పట్టా ఇక్కడ లేదు. ఒక చోట పని ముగిశాక కార్మికులే కారును తరువాతి చోటికి చేతులతో తోసేవారు. అట్లా తోస్తూనే 50 ఏళ్ళలో 10 లక్షలకు పైగా కార్లను బయటికి పంపారు. 1962లో మొదలైన ఎం.జి.బి. ఒక్కటే 5 లక్షలు దాటింది. వాటిలో సగానికి పైగా అమెరికాకు ఓడలెక్కాయి. ఆ కారుకు రూపకల్పన చేసిన బృందానికి నాయకుడు సిడ్ ఎనెవర్. పద్నాలుగేళ్ళ వయసులో మోరిస్ గ్యారేజెస్‌లో చిల్లర పనులు చేసే కుర్రవాడుగా చేరి, పైకెదిగినవాడు.

1979లో ఊరు స్వర్ణోత్సవం చేసుకున్నది. ఆ సందర్భంగా స్థానిక మోర్లండ్ సారాయి బట్టీవారు ఓల్డ్ స్పెకిల్డ్ హెన్ అనే కొత్త బీరును కాచారు. 'ముసలి చుక్కలకోడి' అని అర్థం వచ్చే ఆ పేరు నిజానికి ఒక పాత కారుది. కర్మాగారంలో చిల్లర పనులకు తిరుగుతూ, రంగుల విభాగం దగ్గర నిలబడి నిలబడి, ఒంటినిండా రంగు చుక్కలు పడిన కారు అది. ఉత్సవాల సందడి సద్దుమణగకముందే, సెప్టెంబరు 10న, కర్మాగారాన్ని మూసివేయబోతున్నట్లు యాజమాన్యం ప్రకటించింది. అప్పటికి ఎం.జి. బ్రిటిష్ లేలండ్ అనే మహాసంస్థలో ఒక చిన్న భాగం. ఆ మహాసంస్థ నష్టాలలో మునిగి ఉన్నది. ఎం.జి. యజమానులు లండను వీధులలో కార్లతో ఊరేగి విన్నపాలు ఇచ్చారు. ఆస్టన్ మార్టిన్ సంస్థ వారు మరికొందరితో కలిసి కర్మాగారాన్ని కొనడానికి ప్రయత్నించారు. ఏదీ ఫలించలేదు. 1980 అక్టోబరులో చివరి ఎం.జి.బి. బయటికి వచ్చింది. ఆ స్థలంలో నేడు వ్యాపార సముదాయాలు ఉన్నాయి. కింబర్ రోడ్డు, నఫీల్డ్ వే అన్న వీధుల పేర్లు మిగిలాయి. పాత కార్యాలయం పక్కనే, సెమెటరీ రోడ్డులో, ఎం.జి. కార్ క్లబ్బు తన కేంద్రాన్ని పెట్టుకొని దానికి కింబర్ హౌస్ అని పేరు పెట్టింది.

ఎం.జి. అన్న పేరు 2005 తరువాత చైనా యాజమాన్యంలోకి వెళ్ళింది. 2019 నుంచి గుజరాతులోని హలోల్‌లో తయారైన ఎం.జి. కార్లు మన రోడ్ల మీద కూడా తిరుగుతున్నాయి. అష్టభుజి చిహ్నం అదే. అబింగ్డన్ పని మాత్రం ఆ కార్లలో లేదు. ఆ పని ఇప్పుడు బ్రిటన్ అంతటా ఇళ్ళ వెనుక షెడ్లలో, ఒక్కొక్క కారుగా, సాధారణంగా ఆదివారాలలో జరుగుతున్నది. చేసేవారిలో చాలామంది అంతకుముందు ఎన్నడూ పానా పట్టి ఎరగనివారు.

తొలి కారు ఏది?

పాత స్పోర్ట్స్ కారును తిరిగి నిలబెట్టాలని మొదటిసారి పూనుకున్నవాడికి అనుభవజ్ఞులు సాధారణంగా ఎం.జి.బి.నే సూచిస్తారు. అందుకు కారణాలున్నాయి. యుద్ధం ముగిసిన ఏడు, 1945లో, వచ్చిన ఎం.జి. టి.సి. చూడటానికి అందమైనదే. అయితే దాని ఒంటికి లోపల ఉన్నది కొయ్య చట్రం. ఆష్ చెక్కతో చేసిన ఆ చట్రం పుచ్చిపోతే కావలసింది మెకానిక్కు కాదు, వడ్రంగి. దాని ఇంజనులో మరొక చిక్కు ఉన్నది. ఆ ఇంజనును తయారుచేసిన కోవెంట్రీ కర్మాగారం పూర్వం హాచ్‌కిస్ అనే ఫ్రెంచి తుపాకుల కంపెనీది. ఆ ఫ్రెంచి యంత్రాల మీద కోసిన బోల్టుల మరలు మెట్రిక్ కొలతలో ఉంటాయి. తలలు మాత్రం ఇంగ్లీషు పానాలకు సరిపోవాలని విట్‌వర్త్ కొలతలో చేశారు. అంగడిలో దొరికే ఏ మామూలు బోల్టూ ఆ ఇంజనుకు పట్టదు. 1955లో వచ్చిన ఎం.జి.ఎ.కు చట్రం వేరు, ఒళ్ళు వేరు. నేలకు ప్లైవుడ్డు పలకలు. అది టి.సి. కంటె సులువు, కాని ఖరీదెక్కువ.

ఎం.జి.బి. సంఖ్యలో అధికం. దాని విడిభాగాలలో దాదాపు ప్రతిదీ నేడు కొత్తగా దొరుకుతుంది. యంత్రం అతి సరళం. 1798 సి.సి. పోత ఇనుము ఇంజను, రెండు ఎస్.యు. కార్బురేటర్లు, నాలుగు గేర్లు. కంప్యూటరు అన్న మాట లేదు. నిజానికి ఈ ఇంజను మనకు పరాయిదేమీ కాదు. ఆక్స్‌ఫర్డు శివారు కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే మన దేశంలో అంబాసిడర్ అయింది. 1950ల చివరి నుంచి దశాబ్దాల పాటు అంబాసిడర్‌లో ఉన్న 1489 సి.సి. ఇంజనూ, ఎం.జి.బి. ఇంజనూ ఒకే తల్లి బిడ్డలు. రెండూ బి-సిరీస్ అనే కుటుంబానికి చెందినవే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఇటువంటిదే. బ్రిటన్‌లో దాని చట్రాన్నే కురచచేసి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తయారుచేశారు. అంబాసిడర్ ఇంజనును విప్పి బిగించిన మన మేస్త్రీ ఎవరైనా ఎం.జి.బి. బానెట్టు ఎత్తితే, లోపల ఉన్నది తనకు బాగా పరిచయమైన ముఖమేనని గుర్తిస్తాడు. కింబర్ చేసిన ఉపాయం అర్ధశతాబ్దం పాటు మారలేదు. లోపల ఉన్నది ఎప్పుడూ సంసారి కారే.

అయస్కాంతం చెప్పే సత్యం

కొత్తవాడు కారు కొనడానికి వెళ్ళినప్పుడు చేసే మొదటి పని ఇంజను శబ్దం వినడం. అనుభవజ్ఞుడు మొదట నేలమీద పడుకొని కారు అడుగు భాగం చూస్తాడు. ఇంజను ఎంత పాడైనా బాగుచేయించవచ్చు. ఖర్చు ముందుగానే లెక్కకు అందుతుంది. ఒంటికి పట్టిన తుప్పు లెక్కకు అందదు. ఎందుకంటే అది లోపలి నుంచి బయటికి వస్తుంది. రంగు మీద రూపాయి బిళ్ళంత బుడగ కనిపించిందంటే, దాని వెనుక అరచేతి మేర రేకు లేదని అర్థం.

ఎం.జి.బి.కి విడిగా చట్రం లేదు. ఒళ్ళే చట్రం. పైకప్పు కాన్వాసుది కనుక బలమంతా నేలలోనే ఉండాలి. తలుపుల కింద, ముందు చక్రం వెనుక నుంచి వెనుక చక్రం ముందు దాకా, పెట్టె ఆకారంలో ఒక పొడుగాటి భాగం ఉంటుంది. దాన్ని సిల్ అంటారు. మన ఇళ్ళకు దూలం ఎట్లాంటిదో ఈ కారుకు ఇరుపక్కల ఉన్న ఆ రెండు సిల్లులు అట్లాంటివి. ఒక్కొక్క సిల్లు మూడు పొరల రేకుతో తయారైనది. లోపలి రేకు, నడిమి రేకు, బయటి రేకు. బ్రిటన్‌లో చలికాలం వస్తే మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చక్రాలు చిమ్మిన ఉప్పు బురద ఈ పెట్టెలోకి చేరుతుంది. నీరు పోవడానికి పెట్టిన రంధ్రాలు మూసుకుపోతాయి. తయారీ సమయంలో ఆ లోపలి గదులకు రంగు సరిగా అందలేదు. ఇక తుప్పు పట్టడానికి ఆలస్యమేముంది?

కొనేవాడి జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉండాలి. దాన్ని రేకు మీద మెల్లగా జరుపుతూ పోవాలి. ఇనుము ఉన్నంత మేరా అంటుకుంటుంది. లప్పం పూసి రంగు వేసిన చోట జారి కిందపడుతుంది. తరువాత తలుపు చుట్టూ ఉన్న సందును చూడాలి. అది పైనుంచి కిందికి ఒకే వెడల్పున లేకుండా పైన ఇరుకైపోయిందంటే, కారు నడుము వంగుతున్నదని గుర్తు. వెనుక చక్రం దగ్గర జాకీ పెట్టి ఎత్తి, తలుపు తెరిచి మూసి చూస్తే సంగతి ఇంకా తేటతెల్లమవుతుంది. దూలం గట్టిగా ఉన్న కారులో తలుపు ఎప్పటివలెనే మూసుకుంటుంది.

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో వాన తక్కువ. అక్కడి రోడ్ల మీద ఉప్పు లేదు. అందువల్ల కాలిఫోర్నియా, అరిజోనా ఎండలలో బతికిన కార్లను కొందరు వ్యాపారులు తిరిగి బ్రిటన్‌కు తెస్తుంటారు. వాటి సీట్లూ డాష్‌బోర్డులూ ఎండకు పగిలి ఉంటాయి. రేకు మాత్రం చాలావరకు శుభ్రంగా ఉంటుంది. యువదశలో సముద్రం దాటి వెళ్ళి, వార్ధక్యంలో పుట్టింటికి చేరినట్లు ఆ కార్లు ఇంగ్లండుకు వస్తాయి.

విప్పడం ఎంత తేలిక!

కారు ఇంటికి చేరిన మొదటి వారం ఉత్సాహానికి అంతుండదు. ఒక్క శని ఆదివారాలలో సీట్లు, బంపర్లు, దీపాలు, తలుపులు ఊడివస్తాయి. నెల తిరిగేసరికి ఇంజను బయటికి వస్తుంది. షెడ్డు నిండా వస్తువులు పరుచుకుంటాయి. అసలు పరీక్ష అక్కడి నుంచి మొదలవుతుంది. ఏ బోల్టు ఎక్కడిదో ఈ రోజు తెలుసు. ఏడాది తరువాత తెలియదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించినప్పుడు రాళ్ళను గుర్తులు పెట్టి విప్పి, అదే వరుసలో తిరిగి పేర్చారు. జీర్ణోద్ధరణలో మొదటి పని గుర్తు పెట్టడమే. ఈ సూత్రం గుడికీ కారుకూ ఒకటే. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయాలి. ఊడిన ప్రతి బోల్టునూ సంచిలో వేసి చీటీ రాయాలి. పాడైపోయిన భాగాన్ని కూడా కొత్తది వచ్చి సరిపోయేదాకా పారవేయరాదు.

పాత కార్ల పత్రికలలో అమ్మకపు ప్రకటనలు తిరగేస్తే, 'అసంపూర్తి పని', 'భాగాలన్నీ పెట్టెలలో ఉన్నాయి' అన్న మాటలు తరచు కనిపిస్తాయి. వాటి వెనుక ఉండే కథలు దాదాపు ఒకే తీరువి. బిడ్డ పుట్టి షెడ్డు వేరే అవసరానికి కావలసి వచ్చింది, ఉద్యోగం మారింది, డబ్బు అయిపోయింది, లేదా మొదలుపెట్టినవాడే లేకుండా పోయాడు. వాటిని కొన్నవాడికి ఏ సంచిలో ఏముందో చెప్పేవారుండరు. అందుకే పెట్టెలలో ఉన్న కారును తొలిసారి పూనుకున్నవాడు కొనకూడదని పెద్దలు హెచ్చరిస్తారు. తాను విప్పని కారును బిగించడం తాను రాయని ఉత్తరాన్ని ముగించడం వంటిది.

ఎవరూ చూడని చోట

ఈ పని మొత్తంలో కొత్తవాడి స్వభావాన్ని పరీక్షించేది సిల్లు మార్చే ఘట్టం. సిల్లును కోసిన మరుక్షణం ఆ పక్క కారుకు నడుము ఉండదు. ఏ ఏర్పాటూ లేకుండా కోస్తే ఒళ్ళు తన బరువుకు తానే కుంగుతుంది. అట్లా కుంగిన స్థితిలో కొత్త రేకును వెల్డింగు చేస్తే, ఆ వంకర శాశ్వతమైపోతుంది. ఆ తరువాత తలుపు ఇక ఎప్పటికీ సరిగా మూసుకోదు. అందువల్ల ముందుగా తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్మీ బిగించాలి. కింద ఆసరాలు సరైన చోట్ల ఉండాలి. ఒక పక్క పూర్తిగా ముగిశాకనే రెండవ పక్క ముట్టుకోవాలి. ప్రతి దశలోనూ తలుపును తగిలించి, సందు చూసి, మళ్ళీ తీసి పని కొనసాగించాలి. రేకును చిన్న చిన్న చుక్కలుగా అతికించి, కొలిచి, అప్పుడు పూర్తిగా వెల్డింగు చేయాలి. నిపుణులు గంటలలో చేసే ఈ పని కొత్తవాడికి నెలలు పట్టవచ్చు.

దీనికి అడ్డదారి ఒకటుంది. లోపలి రెండు పొరలూ కుళ్ళి ఉన్నా వాటిని వదిలేసి, పైన మెరిసే కొత్త బయటి రేకు ఒకటి అతికించి, లప్పం పూసి, రంగు కొట్టడం. ఆ రెండు కార్లనూ పక్కపక్కన నిలబెడితే చూసేవాడికి తేడా తెలియదు. తెలిసేది ఒక్క సందర్భంలోనే. ఎదురుగా మరొక వాహనం వచ్చి ఢీకొన్నప్పుడు ఒక కారు దెబ్బను తట్టుకుంటుంది. మరొకటి మధ్యకు ముడుచుకుపోతుంది.

పూర్వం ఈ విషయంలో ప్రభుత్వపు తనిఖీదారు ఒకడు ఉండేవాడు. బ్రిటన్‌లో పాత కార్లకు ఏటా భద్రతా పరీక్ష తప్పనిసరి. అయితే 40 ఏళ్ళు నిండి, నిర్మాణంలో పెద్ద మార్పులు లేని కార్లకు 2018 మే నుంచి ఆ నిర్బంధం తొలగింది. 1980లో వచ్చిన ఆఖరి ఎం.జి.బి. కూడా ఇప్పుడు ఆ వయసు దాటింది. చాలామంది యజమానులు స్వచ్ఛందంగా ఇప్పటికీ పరీక్షకు తీసుకువెళుతున్నారు. చట్టం దృష్టిలో మాత్రం ఆ సిల్లు లోపల ఏమున్నదో అడిగే బాధ్యత చేసినవాడి మీదనే పడింది. లోపలి రేకుకు యాంటీరస్ట్ రంగు వేశాడా, అతికిన తరువాత పెట్టెలోకి మైనం చిమ్మాడా, నీరు పోయే రంధ్రాలు తెరిచి ఉంచాడా అన్నది ఆ ఒక్కడికే తెలుసు. మిగతా ప్రపంచం రంగునూ, క్రోమియం మెరుపునూ చూసి మెచ్చుకుంటుంది.

కొత్త ఒళ్ళు, పాత పేరు

రేకు అంత దూరం కుళ్ళి, అతికించడానికి అంచు కూడా దొరకనప్పుడు ఇంకొక మార్గం ఉన్నది. అబింగ్డన్‌కు పడమరన ఉన్న ఫారింగ్డన్ పట్టణంలో, 1988లో, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఎం.జి.బి. ఒళ్ళును కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. అసలు కారు రేకులను అచ్చువేసిన పాత ప్రెస్సు అచ్చులనే వెతికి తెచ్చి వాడటం ఆ ప్రయత్నంలోని విశేషం. తరువాత ఆ పని అదే కౌంటీలోని విట్నీకి మారింది. కర్మాగారం మూతపడిన ఎనిమిదేళ్ళకు, ఆ పొరుగునే, ఎం.జి.బి. ఒళ్ళు మళ్ళీ పుట్టసాగింది.

ఇక్కడ ఒక ధర్మసందేహం వస్తుంది. పాత ఇంజనూ, గేరుబాక్సూ, ఇరుసులూ తీసి కొత్త ఒంటిలో అమర్చితే అది పాత కారేనా? ఔననేవారు, మనిషికి తొడుగు మారినంత మాత్రాన మనిషి మారడు కదా అంటారు. కాదనేవారి వాదమూ కొట్టివేయదగినది కాదు. ఈ కారుకు ఒళ్ళే చట్రం. అబింగ్డన్ కార్మికులు చేతులతో తోసినది ఆ ఒంటినే. అప్పుడప్పుడు తలుపు లోపలి అట్ట ఊడదీసినప్పుడు, దాని వెనుక ఆనాటి కార్మికుడు సుద్దతోనో రంగు పెన్సిలుతోనో వేసిన గుర్తు బయటపడుతుంది. కొత్త ఒంటి మీద ఆ గుర్తు ఉండదు. అలాగని, తుప్పుపట్టిన దూలాన్ని చరిత్ర పేరిట ఉంచుకొని రోడ్డు మీదికి పోవడమూ వివేకం కాదు. ఉంచదగినదేది, మార్చక తప్పనిదేది అన్న తీర్పు ఎక్కడికక్కడ, రేకు రేకుకూ ఇవ్వవలసినదే.

ఈ తీర్పుకు తోడ్పడే సాధనం ఒకటి వార్విక్‌షైర్‌లోని గేడన్ గ్రామంలో దొరుకుతుంది. అక్కడ 1993లో తెరిచిన మోటారు మ్యూజియంలో బ్రిటిష్ కార్ల కర్మాగారాల ఉత్పత్తి చిట్టాలను భద్రపరిచారు. కారు నంబరు రాసి, రుసుము చెల్లిస్తే, ఆ కారు ఏ తేదీన తయారైంది, అప్పటి రంగేమిటి, లోపలి తోలు రంగేమిటి, ఏ దేశానికి పంపారు అన్న వివరాలతో ధ్రువపత్రం వస్తుంది. ఎర్ర కారు కొన్నామనుకున్నవారికి, అది పుట్టినప్పుడు ఆకుపచ్చదని తెలిసే సందర్భాలుంటాయి. అప్పుడు మళ్ళీ ఒక నిర్ణయం తీసుకోవాలి.

చెవితో చేసే పని

రేకు పని ముగిస్తే మిగిలినది సంతోషకరమైన భాగం. అది కూడా ఓపికను కోరుతుంది. 1967 దాకా వచ్చిన ఎం.జి.బి.లలో బ్యాటరీ పాజిటివ్ కొనను ఒంటికి కలిపారు; తరువాతి వాటిలో నెగటివ్ కొనను. ఈ సంగతి తెలియక నేటి పరికరాన్ని పాత కారుకు తగిలిస్తే పరికరం కాలిపోతుంది. లూకాస్ సంస్థ వైరింగును 'చీకటి రాకుమారుడి' వ్యవహారమని పరిహసించడం బ్రిటిష్ కార్ల లోకంలో పాత అలవాటు. నిజానికి ఆ తీగలకు చక్కని రంగుల భాష ఉన్నది. గోధుమరంగు తీగలో ఎల్లప్పుడూ కరెంటు. తెల్లదానిలో తాళం తిప్పితే కరెంటు. ఆకుపచ్చది ఫ్యూజు దాటి వచ్చినది. నల్లది ఒంటికి కలిసేది. దీపం వెలగకపోతే చాలాసార్లు దోషం ఆ నల్ల తీగ కొన తుప్పుపట్టడమే. తుప్పు ఇక్కడా వదలదు.

ఇంజనులో సిలిండరు తలను బాగుచేయించే సమయంలో, ఎగ్జాస్టు కవాటాల పీటలను గట్టి లోహంతో మార్పించుకోవడం మంచిది. 1999తో బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం ముగిసింది. సీసం లేని పెట్రోలుకు ఆ పాత పీటలు అరిగిపోతాయి. తీగల చక్రాలను బిగించే రెక్కల నట్టులకు ఎడమ పక్క మర ఒక దిక్కు, కుడి పక్క మర మరొక దిక్కు. పొరపాటున ఇరుసు కొనలను తారుమారు చేసి అమర్చితే, నడుస్తూండగానే చక్రం వదులవుతుంది.

రెండు కార్బురేటర్లనూ సమానం చేయడానికి అబింగ్డన్ కాలంలో వాడిన ఉపాయం నేటికీ చెల్లుతుంది. ఒక రబ్బరు గొట్టం కావాలి. ఒక కొన చెవి దగ్గర, రెండవ కొన కార్బురేటరు నోటి దగ్గర పెట్టాలి. లోపలికి పోయే గాలి బుసబుసమంటుంది. రెండిటి బుసా ఒకే తీరున వినిపించేదాకా మరలు తిప్పాలి. వైద్యుడు గుండె విన్నట్లు కారును వినే ఈ విద్య పుస్తకంతో రాదు. ఊళ్ళో ఎవరో ఒక వృద్ధుడు వచ్చి, గొట్టం చేతికిచ్చి, వినమని చెప్పాలి. క్లబ్బుల సమావేశాలలో జరిగే ముఖ్యమైన పని ఇదే. అబింగ్డన్‌లో పనిచేసిన తరం ఏటికేడు తరిగిపోతున్నది. ఆఖరి కారు వచ్చిన నాడు ఇరవై ఏళ్ళ కుర్రవాడు నేడు అరవై దాటినవాడు. వారి చేతులకు తెలిసినది మరొక చేతికి అందకపోతే, అచ్చులు మిగిలినా ఆ విద్య మిగలదు.

లాభనష్టాల లెక్క

డబ్బు లెక్కన చూస్తే ఈ వ్యవహారం చాలా సందర్భాలలో నష్టమే. ఎం.జి.బి.ని పూర్తిగా బాగుచేయడానికి అయ్యే ఖర్చుతో, ఎవరో అప్పటికే బాగుచేసి అమ్ముతున్న దానిని కొనుక్కోవచ్చు; కొంత మిగలవచ్చు కూడా. ఈ మాట అనుభవజ్ఞులందరూ ముందే చెబుతారు. వినేవారు కొందరే. వినక పూనుకున్నవారికి దక్కేది మరొకటి. వారి కారులో ఏ బోల్టు ఎందుకున్నదో వారికి తెలుసు. దారిలో ఆగిపోతే ఎక్కడ వెతకాలో తెలుసు. అన్నిటికంటె, తమ వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని రోడ్డెక్కినప్పుడు, తలుపు కింద ఉన్న ఆ మూడు పొరలలో ఏమున్నదో వారికి తెలుసు.

బాగైన ఎం.జి.బి.లో తాళం తిప్పినప్పుడు మొదట వినిపించేది ఇంజను కాదు. వెనుక భాగంలో ఉన్న విద్యుత్ పెట్రోలు పంపు టకటకమని కొడుతుంది. కార్బురేటర్లు నిండేకొద్దీ ఆ చప్పుడు నెమ్మదించి, ఆగిపోతుంది. అప్పుడు తాళాన్ని మరికాస్త తిప్పి స్టార్టరును కదిలించాలి. ఏళ్ళ తరబడి పెట్టెలలో పడి ఉన్న కారుకు ప్రాణం వచ్చిందని మొదట చెప్పేది ఆ చిన్న చప్పుడే. 1980 దాకా అబింగ్డన్ షెడ్లలో రోజూ వినిపించిన చప్పుడు అది. ఆ షెడ్లు నేడు లేవు. కౌంటీ హాలు అంతస్తులో ఉన్న కారు తాళం ఎవరూ తిప్పరు. అబింగ్డన్ అంటే ఏమిటో తెలియవలసినవారు, ఒక ఆదివారం ఉదయం ఎవరి షెడ్డులోనో, సిల్లు మూయకముందు లోపలికి తొంగిచూడాలి. పని శుభ్రంగా ఉంటే ఆ ఊరు ఇంకా పనిచేస్తున్నట్లే.